పైలట్ గుండె, ఒక శాతం లెక్క

పైలట్ మెడికల్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది కళ్లజోడు సంగతి. కానీ అసలు లెక్కంతా గుండె దగ్గరుంది. లెక్క అని ఊరికే అనట్లేదు.

విమానయాన వైద్యంలో '1 శాతం రూల్' అని ఒకటుంది. ఇద్దరు నడిపే విమానంలో, ఒక పైలట్ ఉన్నట్టుండి చేతులెత్తేసే పరిస్థితి వచ్చే అవకాశం ఏడాదికి 1 శాతం లోపుంటే ఫర్వాలేదని ఆ రూల్. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి గంటకి సుమారు పది లక్షల్లో ఒకటి. టేకాఫ్, ల్యాండింగ్ లాంటి కీలక సమయం ప్రయాణంలో పదో వంతు అనుకున్నారు. అప్పుడు పక్క పైలట్ అందుకోలేకపోవడం వందలో ఒకసారి అనుకున్నారు. మూడూ గుణిస్తే వంద కోట్లలో ఒకటి. ప్రాబబిలిటీ క్లాసులో ఇది చెప్పుంటే నేను నిద్రపోయేవాణ్ణి కాదు.

మన దగ్గర డీజీసీఏ వాళ్లకి ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1 మెడికల్ పాసవ్వాలి. క్లాస్ 1 చేసేచోట్లలో బెంగళూరులోని ఎయిర్‌ఫోర్స్ ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి. మొదటిసారి ఈసీజీ తప్పదు. అంతర్జాతీయ నియమం ప్రకారం 30 దాటాక కనీసం రెండేళ్లకోసారి, 50 దాటాక ఏటా తీయాలి.

ఈసీజీ కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు నడుస్తుంది, అంటే చిన్న గడి 0.04 సెకను. గుండె పై గదుల్లో పుట్టిన కరెంటు కింది గదులకి వెళ్లేముందు మధ్యలో కాసేపు ఆగుతుంది, మన కాలువల్లో పడవలు తిరిగే రోజుల్లో లాకు దగ్గర ఆగినట్టు. ఈ ప్రయాణం మామూలుగా 3 నుంచి 5 చిన్న గడులు. కొందరికి పుట్టుకతోనే పక్కన ఒక గండి ఉంటుంది. కరెంటు లాకు కోసం ఆగకుండా అటునుంచి దూరిపోతుంది. గీతలో అది చిన్న వాలుగా కనిపిస్తుంది. దాని పేరేంటో తెలుసా? డెల్టా వేవ్! ఏ బాధా లేని కుర్రాడికి మెడికల్‌లోనే అది మొదటిసారి బయటపడొచ్చు.

మా బావది డెల్టా వేవ్ కాదు. ఈసీజీలో ఏదో చిన్న అనుమానం, దాంతో ట్రెడ్‌మిల్ టెస్ట్, అది పాజిటివ్. కాగితం మీద 'టెంపరరీ అన్‌ఫిట్'. పామర్రు దగ్గర మా ఊరికి ఆ మాట చేరేసరికి 'కుర్రాడికి గుండె జబ్బంట' అయిపోయింది. నడుస్తున్న పెళ్లి మాటలు ఆగాయి.

బేయస్ థీరమ్ చదివినవాళ్లు పెన్ను తీయండి. లెక్క కోసం ఇలా అనుకుందాం. బావ వయసువాళ్లు 1,000 మందిలో రక్తనాళాల జబ్బు నిజంగా ఉన్నది 10 మందికి. టెస్టు జబ్బున్నవాళ్లలో 70 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 20 శాతాన్ని కూడా పొరపాటున పట్టుకుంటుంది. పాజిటివ్‌లు 7 + 198, మొత్తం 205. అందులో నిజమైనవి ఏడే, అంటే మూడున్నర శాతం కూడా లేదు. అదే పాజిటివ్ ఛాతీనొప్పితో వచ్చిన అరవయ్యేళ్ల పెద్దాయనకి వస్తే అర్థమే వేరు. అందుకే డాక్టర్లు అక్కడితో ఆగకుండా బావకి సీటీ యాంజియోగ్రామ్ రాశారు.

మామయ్య ఇదంతా విని, "రిపోర్టులో పాజిటివ్ అని ఉంటే నీ లెక్కలేంట్రా?" అన్నాడు. నేను రూటు మార్చాను. ధాన్యం కొనేచోట తేమ 17 శాతం దాటితే తీసుకోరు కదా.

"మామయ్యా, మిషన్‌లో 18 చూపిస్తే వడ్లు పుచ్చిపోయినట్టా?"

"పుచ్చడమేంట్రా, ఆరబెట్టి మళ్లీ తీసుకెళ్తాం."

కాసేపటికి ఆయనే వంటింట్లో అత్తయ్యకి తేమ మిషన్ సంగతి చెబుతున్నాడు.

అలాగని 'ఫిట్' అన్నది గ్యారంటీ కాదు. 1972 జూన్ 18న లండన్ దగ్గర స్టెయిన్స్‌లో ట్రైడెంట్ విమానం కూలి 118 మంది పోయారు. మెడికల్ పాసై నడుపుతున్న కెప్టెన్‌కి గుండె రక్తనాళాల జబ్బుందని పోస్ట్‌మార్టంలో తేలింది. 2023 ఆగస్టులో నాగపూర్‌లో విమానం నడపాల్సిన ఇండిగో పైలట్ ఒకరు బోర్డింగ్ గేటు దగ్గరే కుప్పకూలి చనిపోయారు. పడుకోబెట్టి తీసే ఈసీజీ పది సెకన్ల ముచ్చట. మిగతా ఏడాదంతా గుండె ఏం చేస్తుందో దానికేం తెలుసు?

గన్నవరంలో దిగే విమానాలు చూసి పైలట్ అవుదామనుకునే జూనియర్లు ఎవరైనా ఉంటే, ట్రైనింగ్ ఫీజు కట్టకముందే క్లాస్ 1 తేల్చుకోండి. మామయ్య ముందు ఎకరం అమ్మాడు, తర్వాత మెడికల్‌కి పంపాడు.

బావ సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది. మళ్లీ మెడికల్‌కి పిలుపు కోసం చూస్తున్నాడు. పెళ్లివాళ్లు మాత్రం ఇంకా ఫోన్ చేయలేదు.