రీస్టార్ట్ చేసే ముందు

అమ్ములూ,

నీ ఉత్తరం అందింది. మీ జావా సర్వీసు నాలుగు రోజులకోసారి మెమరీ నిండి పడిపోయేదనీ, అందుకే రోజూ రాత్రి రీస్టార్ట్ పెట్టేశామనీ రాశావు. నా బెంగంతా ఆ రీస్టార్ట్ మీదే. మెమరీతో పాటు ఆధారాన్నీ అది తుడిచేస్తుంది.

మెమరీ లీకు చిన్నదైనా ఏం చేస్తుందో చెబుతా. 1992లో లండన్ అంబులెన్స్ సర్వీసులో ఒక ప్రోగ్రామర్ ఏదో పని చేస్తూ చిన్న కోడు ముక్క పొరపాటున వదిలేశాడు. బండిని పంపిన ప్రతిసారీ అది ఫైల్ సర్వర్‌లో కాస్త మెమరీ పట్టుకుని తిరిగి ఇచ్చేది కాదు. మూడు వారాలు ఎవరికీ తెలియలేదు. నవంబర్ 4న, అర్ధరాత్రి దాటి రెండయ్యాక, సిస్టమ్ నెమ్మదించి బిగుసుకుపోయింది. బ్యాకప్ సర్వరూ అందుకోలేదు. సిబ్బంది మళ్ళీ కాగితాల మీద పని నడుపుకోవాల్సి వచ్చింది.

గార్బేజ్ కలెక్టర్ ఉందిగా అనుకోకు. ఎవరూ పట్టుకోని ఆబ్జెక్టునే అది తీసేస్తుంది. స్టాటిక్ మ్యాప్‌లో పెట్టి నువ్వు మరిచిపోయినదాన్ని ముట్టుకోదు. మెమరీ గ్రాఫ్‌లో శిఖరాలు వదిలెయ్, ఫుల్ జీసీ అయ్యాక హీప్ ఎక్కడ ఆగుతోందో చూడు. ఆ అడుగు మట్టం రోజురోజుకీ పైకొస్తుంటే లీకే. మట్టం కదలకుండా ప్రాసెస్ మెమరీ ఒక్కటే పెరుగుతుంటే హీప్ బయట, డైరెక్ట్ బఫర్లలోనో నేటివ్ కోడ్‌లోనో వెతకాలి.

స్టార్టయిన కొన్ని గంటలకు ఒక హీప్ డంప్, రెండు రోజులకు ఇంకొకటి, రీస్టార్ట్ ఆపిన ఒకే సర్వర్ నుంచి తీయి. తీస్తున్నంతసేపూ ప్రోగ్రామ్ ఆగిపోతుంది, కాబట్టి ఆ సర్వర్‌ను ముందు ట్రాఫిక్ నుంచి తప్పించు. ఎక్లిప్స్ మెమరీ ఎనలైజర్‌లో రెంటినీ పోల్చి, పెరిగిన క్లాసు నుంచి జీసీ రూట్ దాకా దారి పట్టుకుని వెళ్ళు. ఎవరు వదలకుండా పట్టుకున్నారో అక్కడ కనబడుతుంది.

నేనొకసారి రెండు వారాలు వెతికాను. కోడ్‌లో రిమూవ్ ఉంది, అందుకే ఆ ఫైలు చూసి చూసి దాటేశాను. మ్యాప్ కీగా వాడిన క్లాసుకి ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ నేను రాయలేదు. కొత్తగా చేసిన కీతో రిమూవ్ పిలిచిన ప్రతిసారీ ఏమీ దొరక్క వట్టి చేతులతో తిరిగొచ్చేది.

కొత్త కోడ్‌లో పుట్ రాసినప్పుడే రిమూవ్ కూడా రాయి, క్యాష్‌కి హద్దు పెట్టు. థ్రెడ్ పూల్‌లో థ్రెడ్‌లోకల్ వాడితే ఫైనలీ బ్లాకులో తీసెయ్. హీప్ సైజు బాగా తగ్గించి రాత్రంతా లోడ్ టెస్ట్ నడుపు, నాలుగు రోజుల రోగం తెల్లారేసరికి బయటపడే వీలుంది.

ఈ వారం ఒక్క సర్వర్‌కైనా రీస్టార్ట్ ఆపించు. మీ మేనేజర్ ఒప్పుకోకపోతే, ఆ స్క్రిప్ట్‌లోనే రీస్టార్ట్‌కి ముందు డంప్ తీసే లైను చేర్చు. ఏ క్లాసు తేలిందో రాయి, ఎదురుచూస్తుంటాను.

మామయ్య