ఏ ప్రొటీనో తేలనిదే వైద్యం వద్దు

ప్రశ్న: మా నాన్నగారి కిడ్నీ బయాప్సీ రిపోర్టులో ‘అమైలాయిడ్’ అని వచ్చింది. ఇది ఒంట్లో ఎలా పేరుకుంటుంది?

జవాబు: శరీరం తన అవసరానికి తయారుచేసుకునే ప్రొటీనే రూపం చెడి అమైలాయిడ్‌గా మారుతుంది. ప్రతి ప్రొటీనూ అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. అది సరైన ఆకారంలో ముడుచుకుంటేనే పనికొస్తుంది. మడత తప్పినవాటిని సరిచేసే ఏర్పాటు, కుదరకపోతే ముక్కలు చేసి పారేసే ఏర్పాటు కణాల్లో ఉన్నాయి. ఏదైనా ప్రొటీన్ మితిమీరి తయారైనా, జన్యులోపం వల్ల నిలకడ కోల్పోయినా, బయటికి పోవాల్సింది పోకుండా నిల్వ ఉన్నా ఆ ఏర్పాటు చాలదు. వయసు మీదపడ్డకొద్దీ అది ఎటూ బలహీనపడుతుంది.

మడత విడిన గొలుసులు ఒకదాన్నొకటి అంటుకుని చిన్న చిన్న గుంపులవుతాయి. వాటిలో చాలా గుంపులు మళ్లీ విడిపోతాయి కాబట్టి మొదటి దశ బాగా నెమ్మదిగా సాగుతుంది. ఎప్పుడో ఒక గుంపు నిలదొక్కుకుంటుంది. అక్కడి నుంచి జరిగేది పాలలో తోడు పడ్డట్టే ఉంటుంది. కొత్తగా వచ్చే గొలుసులన్నీ ఆ గుంపు రూపాన్నే తెచ్చుకుని, ఒకదానిపై ఒకటి సుమారు 4.7 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో పేరుకుంటూ పోతాయి. అలా తయారైన పోగు మందం మిల్లీమీటరులో దాదాపు లక్షో వంతు. రక్తంలో తిరిగే ‘సీరమ్ అమైలాయిడ్ పి’ అనే ప్రొటీన్, కణాల మధ్య ఉండే హెపరాన్ సల్ఫేట్ వచ్చి ఈ పోగులను పెనవేసుకుంటాయి. దాంతో ప్రొటీన్లను కోసే ఎంజైములకు అవి ఒక పట్టాన లొంగవు. కణాల మధ్య జాగాను ఆక్రమిస్తూ పోతాయి. కిడ్నీలో చేరితే వడపోత చెడి మూత్రంలో ప్రొటీన్ పోతుంది. మూత్రం నురగ కట్టడం, పాదాలు వాయడం అందుకే. గుండెలో చేరితే కండరం బిరుసెక్కుతుంది.

మనుషుల్లో ఇలా మారగల ప్రొటీన్లు 30కి పైనే ఉన్నాయి. రిపోర్టులో ఉత్త ‘అమైలాయిడ్’ అనే ఉంటే అది సగం జవాబే. ఏ ప్రొటీన్ అన్నది కూడా తేలాలి.

ప్రశ్న: పప్పులు, గుడ్లు, మాంసం మానేస్తే తగ్గుతుందా?

జవాబు: తగ్గదు, నీరసం మాత్రం వస్తుంది. కిడ్నీ దెబ్బతిన్నవారికి డాక్టరు చెప్పే పథ్యం వేరే సంగతి.

ప్రశ్న: టీబీ వచ్చింది ఊపిరితిత్తులకైతే కిడ్నీలు ఎందుకు పాడవుతాయి?

జవాబు: ఒంట్లో ఎక్కడ వాపు రేగినా కాలేయం ‘సీరమ్ అమైలాయిడ్ ఏ’ అనే ప్రొటీన్‌ను గుమ్మరిస్తుంది. రక్తంలో దాని మోతాదు వెయ్యి రెట్ల దాకా పెరగగలదు. నాలుగు రోజుల జ్వరమైతే మళ్లీ దిగిపోతుంది. టీబీ, కుష్ఠు, మానని ఎముక పుండు, కీళ్లవాతం లాంటివి ఏళ్ల తరబడి రగులుతూ ఉంటే ఆ ప్రొటీన్ ముక్కలు కిడ్నీల్లో, ప్లీహంలో, కాలేయంలో పేరుకుంటాయి. ఈ రకాన్ని ఏఏ అంటారు. మన దేశంలో దీనికి ముఖ్య కారణాల్లో టీబీ ఒకటి. రెండు నెలలకు దగ్గు తగ్గిందని మాత్రలు అటకెక్కించడం మన ఇళ్లలో మామూలైపోయింది. దగ్గు పోయినంత మాత్రాన లోపలి రోగం పోయినట్టు కాదు.

ప్రశ్న: ఇన్సులిన్ సూది వేసుకునే చోట గట్టి గడ్డ కట్టింది. డోసు పెంచినా షుగర్ దిగడం లేదు.

జవాబు: ఇలాంటివి ఎక్కువగా కొవ్వు గడ్డలే. కొందరిలో మాత్రం చర్మం కింద ఇన్సులినే అమైలాయిడ్‌గా గడ్డకడుతుంది, ఎందుకంటే ఇన్సులిన్ కూడా ప్రొటీనే. రోజూ ఒకేచోట పొడవడమే దీనికి దారి. అక్కడ వేసిన మందు సరిగా రక్తంలోకి ఎక్కదు, షుగర్ దిగదు, డోసు పెరుగుతూ పోతుంది. అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. పెంచిన డోసునే ఒక్కసారిగా గడ్డ లేని చోట వేస్తే షుగర్ ధమాల్‌మని పడిపోతుంది. చోటు మార్చాల్సిందే, డోసు ఎంత తగ్గించాలో ముందుగా డాక్టరుతో తేల్చుకున్నాక. ఇకపై సూది సూదికీ కనీసం వేలెడు దూరం జరపాలి.

ప్రశ్న: కిడ్నీలో అమైలాయిడ్ ఉంటే అల్జైమర్స్ కూడా వస్తుందా?

జవాబు: రాదు. అల్జైమర్స్‌లో పేరుకునేది అమైలాయిడ్ బీటా అనే వేరే ముక్క. అది మెదడులో పేరుకుంటుంది.

ప్రశ్న: దీన్ని కరిగించే మందు ఉందా? కొందరికి కీమో అంటున్నారు, కొందరికి మాత్ర చాలంటున్నారు.

జవాబు: రెండూ నిజమే కావచ్చు, రోగాలు వేరు కనుక. బయాప్సీ ముక్కకు గానీ, బొడ్డు పక్కన సూదితో తీసిన కొవ్వుకు గానీ కాంగో రెడ్ పూస్తారు. ఇది మొదట నూలు బట్టలకు వేసిన రంగు. ధ్రువిత కాంతిలో అది పచ్చని ఆపిల్ రంగులో మెరిస్తే అమైలాయిడ్ ఉన్నట్టు. ఏ రకమో ఆ మెరుపు చెప్పదు. దానికి మాస్ స్పెక్ట్రోమెట్రీ లాంటి పరీక్ష కావాలి.

ఏఎల్ రకంలో ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు యాంటీబాడీల తేలిక గొలుసులను అదుపు లేకుండా వదులుతాయి. ఆ కణాలను అణచడానికి బోర్టెజోమిబ్, దారటుముమాబ్ లాంటి మందులు వాడతారు. ఏటీటీఆర్ రకంలో కాలేయం చేసే ట్రాన్స్‌థైరెటిన్ పోగవుతుంది. మామూలుగా దీనివి నాలుగు భాగాలు ఒకటిగా ఉంటాయి. అవి విడిపోతేనే ముప్పు, విడిపోకుండా పట్టి ఉంచేది టఫామిడిస్ మాత్ర. పెద్ద వయసు మగవాళ్ల గుండెలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. చిక్కల్లా ఎక్కడంటే, ఆ వయసులో రక్తపరీక్షలో అసాధారణ యాంటీబాడీ ప్రొటీన్ కాస్త కనబడటం కద్దు. దాన్ని చూసి ఏఎల్ అనుకుంటే ట్రాన్స్‌థైరెటిన్ రోగికి అక్కర్లేని కీమో పడుతుంది. రకం తేలడానికి కొద్ది రోజులు పట్టినా ఆగడమే మేలు. ఏఎల్ అని గట్టి అనుమానం ఉంటే మాత్రం ఆ పరీక్షలను తొందరపెట్టాలి, ఎందుకంటే అది త్వరగా ముదిరే రకం.

ఇప్పుడు విరివిగా వాడే మందులేవీ పేరుకున్నదాన్ని నేరుగా కరిగించవు. మూల ప్రొటీన్ సరఫరాను ఆపుతాయి, లేదా దాన్ని చెదరకుండా ఉంచుతాయి. సరఫరా ఆగితే పాత నిల్వను శరీరమే కొంతవరకు మెల్లగా తీసేస్తుంది. రక్తపరీక్షలు ముందు బాగుపడతాయి. మూత్రంలో ప్రొటీన్ తగ్గడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైనే పడుతుంది.