పాలు పితికే చేతికి సబ్బు ఎందుకు?



చిట్కుల్ వంటి గ్రామాలలో పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకొని వచ్చి, వెంటనే గేదె దగ్గర కూర్చునేవారు ఉన్నారు. బస్సు కమ్మీని, డబ్బును పట్టిన చెయ్యే పొదుగును పడుతుంది. ఆ చెయ్యే పిల్లలకు అన్నం కలుపుతుంది. "నీళ్ళతో కడుక్కుంటే చాలదా?" అని పలువురు అడుగుతారు. చాలదు. కారణం తెలుసుకుందాం.

సబ్బు చేసే పని

వెన్న తీసిన చేతిని చన్నీళ్ళతో ఎంత కడిగినా జిడ్డు వదలదు. సబ్బు రుద్దితే వదులుతుంది. సబ్బు అణువుకు రెండు కొసలు ఉంటాయి. ఒకటి నీటిని, మరొకటి కొవ్వును పట్టుకుంటుంది.

2020లో మనలను ఇళ్ళకే కట్టిపడేసిన కరోనా వైరస్‌కు, ఫ్లూ వైరస్‌కు పైన పలుచని కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరలోనికి దూరి దానిని చీల్చివేస్తుంది. పొర చినిగిన వైరస్ రోగం కలిగించలేదు.

పొర లేని వైరస్‌ల సంగతి

పశువుల గాలికుంటు వైరస్‌కు, పిల్లలకు విరేచనాలు కలిగించే రోటా వైరస్‌కు ఈ కొవ్వు పొర లేదు. సబ్బు వీటిని సులభంగా చంపలేదు. కాని అవి అంటిపెట్టుకొన్న జిడ్డును, మురికిని నురగ విడదీస్తుంది. పోసే నీరు వాటిని కడిగివేస్తుంది. అందుచేత బాగా రుద్దడం, ధారగా నీరు పోయడం రెండూ అవసరమే.

పాకలో ప్రమాదం

గేదె మశూచి సోకితే చన్నులపై పొక్కులు వస్తాయి. అది పితికేవారి చేతులకు, ఆ చేతుల ద్వారా మరొక గేదెకు అంటుకుంటుంది. 2024లో అమెరికాలో పాడి ఆవులకు బర్డ్ ఫ్లూ సోకింది. పచ్చిపాలలో ఆ వైరస్ కనిపించింది. కొందరు పాడి కార్మికులకూ సోకింది.

పాటించవలసినవి

1. పితికే ముందు, తరువాత, ఒక పశువు నుండి మరొక పశువుకు మారేటప్పుడు సబ్బుతో చేతులు కడగాలి.
2. వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు కనీసం 20 సెకన్లు రుద్దాలి.
3. బోరు నీరు కఠినంగా ఉంటే నురగ తక్కువగా వస్తుంది. నురగ వచ్చేవరకు సబ్బు రుద్దాలి.
4. సబ్బు మిగలకుండా కడిగి, శుభ్రమైన పొడి గుడ్డతో తుడుచుకోవాలి. తడి చేతి చుక్కలు పాలలో పడరాదు.
5. జబ్బు పశువును చివరకు పితకాలి. ఆ పాలను సంఘానికి పోయరాదు. పశువైద్యునికి వెంటనే తెలపాలి.
6. ఇంట్లో పాలు కాచి మాత్రమే తాగాలి.

సంఘంలో అందరి పాలు ఒకే క్యానులో కలుస్తాయి. ఒక ఇంటి చేతి మురికి ఊరందరి పాలను పాడుచేయగలదు. కనుక నీళ్ళ బకెట్టు పక్కన సబ్బు బిళ్ళ కూడా పాకలో ఎప్పుడూ ఉండాలి.