చెడుగుడులో రెండవ స్థానం ఎవరిది?

క్రికెట్టు గురించి వ్రాయడానికి ప్రతి ఏటా ఎవరో ఒకరు ఉంటారు. చెడుగుడు గురించి వ్రాసేవారెవరూ కనపడక నేను కలం పట్టాను. నేను పెద్ద ఆటగాణ్ణేమీ కాను. మన కళాశాల జట్టులో పన్నెండవ వాణ్ణి. అనగా చాలా మ్యాచ్‌లలో గీతకు బయట కూర్చుని స్కోరు పుస్తకం వ్రాసేవాణ్ణి. అందుచేత ఆడినవాళ్ళ కంటె ఆట చూసే యోగం నాకే ఎక్కువ పట్టింది. బి.ఎస్సీ.లో లెక్కలు ఒక సబ్జెక్టు గనుక, చూసినదాన్ని లెక్క వేసి చూడాలనే దురలవాటు కూడా అంటుకుంది.

మా వైపు చెడుగుడుకు ఒక ఋతువుంది. వరి కోతలై, కుప్పలు నూర్చి, ధాన్యం ఇంటికి చేరేసరికి సంక్రాంతి వస్తుంది. పండుగ మూడు రోజులూ ఊరూరా పోటీలే. ఆ తరువాత ఆట ఆగిపోతుంది, మాట మొదలవుతుంది. పెసర చేలో కాయ కోస్తూ, రావిచెట్టు క్రింద కూర్చుని, ఏ జట్టు గొప్పదో తేల్చుకుంటూ ఉంటారు. “ఈయేడు పై ఊరోల్లే గొప్ప” అని ఒకరంటే, “మన్ని ఓడించినోల్ల మీద మన కింద ఊరోల్లు గెలిచినారు గదేటి? మరాల్లు గొప్ప కాదేటి?” అని ఇంకొకరు. ఈ తగువు వర్షాలు పడి నారుమళ్ళు దున్నేదాకా తెగదు. నిజానికి అది లెక్కల సమస్య. గొప్ప గొప్పవాళ్ళు కూడా దానితో కుస్తీ పట్టారు.

అన్ని ఆటలలోనూ ఈ బాధ లేదు. మన జిల్లాకే చెందిన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరిని తీసుకోండి. 2000 సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల విభాగంలో ఆమె ఎత్తింది 110, 130, మొత్తం 240 కిలోలు. చైనా, హంగరీ అమ్మాయిలు ఇద్దరూ 242.5 ఎత్తారు. ఇద్దరూ సమానమైతే శరీరం బరువు తక్కువ ఉన్న ఆమెకు మొదటి స్థానం అన్నది అప్పటి నియమం గనుక స్వర్ణం చైనాకు పోయింది. మనకు కాంస్యం. ఆఖరి ప్రయత్నంలో 137.5 అడగకుండా ఇంకొంచెం తక్కువ అడిగి ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ మా ఊళ్ళో వాదించేవాళ్ళున్నారు. అది వేరే సంగతి. ఇనుము ఎవరి ముఖమూ చూడదు, ఎత్తినంతే లెక్క. చెడుగుడులో అలాంటి తూకం లేదు. ఒక జట్టు బలం ఇంకొక జట్టు మీదనే కనపడుతుంది. ఎవరి మీద ఆడావన్నదే అసలు ప్రశ్న.

ఇక పాఠంలోకి వస్తాను. పదహారు కళాశాలలు పోటీకి వచ్చాయనుకుందాం. ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ ఆడాలంటే 16ను 15తో గుణించి రెండుతో భాగించాలి, 120 మ్యాచ్‌లు. ఎవరికీ అంత తీరిక లేదు. కనుక నాకౌట్ పెడతారు. ఒక్కొక్క మ్యాచ్‌కి ఒక్క జట్టు ఇంటికి పోతుంది. పదిహేను జట్లు పోతే ఒకటి మిగులుతుంది. అనగా 15 మ్యాచ్‌లు చాలు. బలమైన జట్టే గెలుస్తుందనుకుంటే, చివరకు మిగిలినది నిస్సందేహంగా మొదటి జట్టు. ఇంతవరకు బాగానే ఉంది.

మరి రెండవ స్థానం? ఫైనలులో ఓడినవారిదే గదా అంటారు. తప్పు ఇక్కడే ఉంది. చీటీలు తీసి జట్లను అమర్చినప్పుడు, రెండవ బలమైన జట్టు మొదటి జట్టు ఉన్న సగంలోనే పడితే ఫైనలుకు రాకుండానే ఓడిపోతుంది. మొదటి జట్టును వదిలేస్తే మిగిలిన స్థానాలు 15. వాటిలో ఎనిమిది అవతలి సగంలోవి. కనుక నిజమైన రెండవ జట్టు ఫైనలుకు వచ్చే అవకాశం పదిహేనింట ఎనిమిది. నూటికి 53 పాళ్ళు. దాదాపు బొమ్మా బొరుసే! ఈ సంగతి కొత్తగా నేను కనిపెట్టినది కాదు. ‘ఆలిస్’ కథలు వ్రాసిన లూయీ కారల్ అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. ఆయన ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త. 1883లో లాన్ టెన్నిస్ పోటీలలో బహుమతులు పంచే పద్ధతి తప్పని ఒక చిన్న పుస్తకమే వేశాడు. ముప్పైరెండు మంది ఆడితే రెండవవాడికి రెండవ బహుమతి దక్కే అవకాశం 31కి 16 అని ఆయన లెక్క.

దీనికి మందు సులువైనది. రెండవ జట్టును ఓడించగలిగినది మొదటి జట్టు ఒక్కటే. కనుక రెండవ జట్టు ఎవరైనప్పటికీ, విజేత చేతిలో ఓడిన నాలుగు జట్లలోనే ఉండి తీరాలి. మొదటి రౌండులో ఓడినది ఒకటి, రెండవ రౌండులో ఒకటి, సెమీఫైనలులో ఒకటి, ఫైనలులో ఒకటి. మొదటి ఇద్దరినీ ఆడించి, గెలిచినవారిని మూడవవారితోను, అక్కడ గెలిచినవారిని నాలుగవవారితోను ఆడిస్తే సరిపోతుంది. మూడే మూడు మ్యాచ్‌లు. ఒక్కొక్కటి నలభై నిమిషాలు, విరామంతో ముప్పాతిక గంట. ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయే వ్యవహారం.

ఇదంతా నాకెందుకు పట్టిందో చెప్పాలి. క్రిందటి పోటీలో మన జట్టు మొదటి రౌండులోనే 31-34తో ఓడింది. (పోటీ ఎక్కడ జరిగిందో, ఎవరు నడిపారో ఇక్కడ అనవసరం.) మనల్ని ఓడించిన జట్టే చివరకు కప్పు కొట్టింది. ఫైనలులో వాళ్ళ మీద ఓడిన జట్టు తేడా 14 పాయింట్లు. పై పోటీలకు ఆటగాళ్ళను ఎంపిక చేసేవారు సెమీఫైనళ్ళనాటికి వచ్చారు. ఫైనలు ఆడిన రెండు జట్ల నుంచి ఎక్కువమందిని తీసుకున్నారు. మన వాళ్ళలో ఒక్కడూ లేడు. మా మేనత్తగారి ఊరు అక్కడికి దగ్గర కావడం చేత నేను ఫైనలు దాకా ఆగి, పుస్తకంలో వ్రాసుకున్నాను. మన జట్టులో ఎడమవైపు నుంచి కూతకు వెళ్ళేవాడు నాకు వరసకు బావ. వాడు విజేతల మీద 19 సార్లు కూతకు వెళ్ళి 11 పాయింట్లు తెచ్చాడు. ఎంపికైన ఒక కూతగాడు అదే జట్టు మీద ఫైనలులో 22 సార్లు వెళ్ళి తెచ్చినవి 8. ఎంపిక చేసినవారిది తప్పనను. వారు చూసినదానిలో వారు తీసుకున్నారు. చూడనిదాన్ని ఎలా తీసుకుంటారు?

ఈ మూడు మ్యాచ్‌ల ఉపాయం పి.డి. మాస్టారికి చూపించాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, “లెక్క బాగుందిరా. మరి మొదటి రోజు ఓడిపోయినోళ్ళు నాలుగు రోజులు అక్కడే ఉంటే భోజనం ఎవడు పెడతాడు? ఓడినోడు సాయంత్రం బస్సుకే పోతాడు” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. డాడ్జ్‌సన్ గారు కూడా బస్సు ఛార్జీ సంగతి ఆలోచించినట్టు లేదు.

ఇంకొక దారి, జట్లకు నడుస్తూ ఉండే సంఖ్యలు ఇవ్వడం. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో అనే ప్రొఫెసరు చదరంగానికి ఈ పద్ధతి తయారుచేశాడు. 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య దాన్ని స్వీకరించింది. మన కోనేరు హంపి 2007లో 2600 దాటిందంటే ఆ సంఖ్యే. 2018 నుంచి పురుషుల ఫుట్‌బాలు దేశాలకు ఫిఫా ఇచ్చే ర్యాంకులు కూడా ఇలాంటి పద్ధతి మీదనే నడుస్తున్నాయి. సూత్రం ఇది: ఎదుటి జట్టు సంఖ్యలో నుంచి మన సంఖ్య తీసివేసి 400తో భాగించాలి. ఆ వచ్చినదాన్ని 10కి ఘాతాంకంగా వేసి, 1 కలిపి, ఆ మొత్తంతో 1ని భాగిస్తే మనం గెలిచే అవకాశం వస్తుంది. మనది 1500, విజేతలది 1700 అనుకోండి. తేడా 200. అర ఘాతం 3.16, ఒకటి కలిపితే 4.16. అవకాశం 0.24. మ్యాచ్‌కి 32 పందెం అనుకుంటే ఓడినందుకు మనకు పోయేది సుమారు 8, గెలిచి ఉంటే వచ్చేది సుమారు 24. అదే 1600 ఉన్న జట్టు వాళ్ళ చేతిలో ఓడితే 11, 12 పోతాయి. బలవంతుడి చేతిలో ఓడడం, బలహీనుడి చేతిలో ఓడడం ఒకటి కాదని ఊళ్ళో ముసలాళ్ళు చెప్పే మాటకే ఇది అంకెల రూపం. అయితే సంఖ్య కుదురుకోవాలంటే చాలా మ్యాచ్‌లు ఆడాలి. ఏడాదికి రెండు మూడు ఆడే మనబోటి జట్టుకు అది అక్కరకు రాదు. పైగా మూడేళ్ళకొకసారి జట్టంతా డిగ్రీ పట్టుకుని పోతుంది.

డబ్బున్న చోట ఈ చిక్కు లేదనుకోకండి. అమెరికాలో కళాశాల ఫుట్‌బాలు ఉంది. అది మన ఫుట్‌బాలు కాదు, కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తేది. పై తరగతిలో 130కి పైగా జట్లు, ఒక్కొక్కటి మామూలు సీజనులో ఆడేది 12 మ్యాచ్‌లు. అందరూ అందరితో ఆడాలంటే ఎనిమిది వేల మ్యాచ్‌లు దాటుతాయి. కనుక 1936 నుంచి పత్రికలవాళ్ళు ప్రతి వారం ఓట్లు వేసి వరుస నిర్ణయిస్తున్నారు. 2003 సీజనులో ఆ ఓట్ల ప్రకారం ఒకరు, విడిగా పెట్టిన ఫైనలు ప్రకారం ఇంకొకరు, ఇద్దరు విజేతలు తేలారు. 2014 నుంచి నలుగురితో నాకౌట్ పెట్టారు. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13 మ్యాచ్‌లూ గెలిచి కూడా ఆ నలుగురిలో లేదు! ముఖ్య ఆటగాడికి దెబ్బ తగిలింది, ఇక ఆ జట్టు మునుపటి జట్టు కాదని కమిటీవారు భావించారు. మరుసటి ఏడు జట్ల సంఖ్య 12కు పెరిగింది. అది చదివి నాకు కొంత ఊరట కలిగిందని ఒప్పుకుంటాను. మనం ఓడి ఎవరి కంటా పడలేదు. వాళ్ళు గెలిచి కూడా అంతే.

మంచి ఆటగాణ్ణి కొంటే స్థానం వస్తుందా? తెలుగు టైటన్స్ అభిమానులకు జవాబు తెలుసు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్ల అరవై లక్షలు పెట్టి కొన్నారు. ప్రో కబడ్డీలో అప్పటికి అంత ధర ఎవరికీ పలకలేదు. ఆ సీజనులో 22 మ్యాచ్‌లకు రెండే గెలిచి జట్టు అట్టడుగున నిలిచింది. 2025లో అతడు వేరే జట్టుకు పోయాక టైటన్స్ ప్లేఆఫ్‌కు చేరింది! చెడుగుడులో కూతకు వెళ్ళేది ఒక్కడే అయినా వాణ్ణి బ్రతికించవలసింది మిగిలిన ఆరుగురు. వాడు చచ్చి బయట కూర్చుంటే, వెనక ఉన్నవాళ్ళు ఎదుటివాణ్ణి పట్టేదాకా కోట్లు కూడా బయటే కూర్చుంటాయి.

పోటీతత్వం గురించి కూడా ఒక మాట. శ్రీకాకుళం, విజయనగరం అనగానే మనవాళ్ళు రొమ్ము విరుస్తారు గాని, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేదాకా అటు చాలా ఊళ్ళు మన జిల్లావే. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారి వీరఘట్టం మొన్న మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఆయన పేరు మీది స్టేడియం మాత్రం శ్రీకాకుళంలోనే ఉంది. ఎవరివాడని చెప్పుకుందాం? 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాక మన జిల్లా కళాశాలలు దాని క్రిందికి వచ్చాయి. మంచిదే. ఇంటి దగ్గర విశ్వవిద్యాలయం వచ్చింది. కాని అంతకు ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయం గొడుగు క్రింద తలపడిన అటూ ఇటూ కళాశాలలకు ఆ ముఖాముఖి తప్పిపోయింది. ఆడనివాళ్ళ మీద పగ నిలవదు. రెండు ఒడ్డుల కళాశాలలకు ఏటా ఒక్క స్నేహపూర్వక మ్యాచ్ అయినా పెట్టాలని మన విద్యార్థి సంఘాన్ని కోరుతున్నాను. దానికి నాలుగు రోజుల భోజనం అక్కరలేదు గదా!

ఇప్పుడు మా బావ సంగతి. పట్నంలోని ఒక కళాశాలవారు వాడికి కబురు పెట్టారు. వచ్చి ఆడితే ఫీజు లేదు, హాస్టలు ఉచితం. నిన్న సాయంత్రం పొలం గట్టు మీద కూర్చుని అడిగాడు: “నువ్వు లెక్కలోడివి గదా బావా, లెక్కేసి సెప్పు. ఇక్కడుంటే మొదటి రోజే ఇంటికొచ్చేస్తాం. అక్కడికెల్తే ఆల్లకి నలుగురు కూతగాల్లు ఉన్నారు, నాను బల్ల మీద కూకోవాల. ఏది నయం?” బల్ల మీద కూర్చోవడం గురించి నాకంటె తెలిసినవాడు లేడు గనుక అడిగాడేమో. నేను ఎలో సూత్రం చెప్పబోయాను. వాడు వినలేదు. “నానెల్పోతే మన జట్టు ఏటవుద్ది?” అన్నాడు. దానికి నేను సూత్రం వేయలేదు, వేసినా చెప్పేవాణ్ణి కాను. వాళ్ళ నాన్నకు రెండెకరాలు. ఫీజు అనే మాట ఆ ఇంట్లో చిన్న మాట కాదు.

వచ్చే నెల మొదటి వారంలోగా చెప్పమన్నారట. లేస్తూ నా స్కోరు పుస్తకం అడిగి పట్టుకుపోయాడు. ఇంకా తిరిగి ఇవ్వలేదు.