గండం గట్టెక్కించే గుణం నిజంగా ఉందా? – బేస్‌బాల్ నేర్పే లెక్కల పాఠం



మన హాస్టల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు తప్పకుండా ఉంటారు. ఏడాదంతా మామూలుగా ఉండి అసలు రోజున అదరగొడతాడని ఒకడికి పేరు. ఏడాదంతా కష్టపడి అసలు రోజున చేతులెత్తేస్తాడని ఇంకొకడికి పేరు. ఈ పేర్లు పెట్టింది ఎవరు? మనమే. ఎన్ని పరీక్షలు చూసి పెట్టాం? చాలాసార్లు ఒక్కటే చూసి!

మేము పదో తరగతిలో ఉండగా మా గదిలోని ఒక మిత్రుడికి ఇలాగే పేరు పెట్టాము. స్టడీ అవర్‌లో మా అందరికీ లెక్కలు చెప్పేది అతనే. ప్రీ-ఫైనల్లో మాత్రం లెక్కల పేపరు ఒక్కటి పాడుచేసుకున్నాడు. "వీడు టెన్షన్ పార్టీరా, అసలు టైముకి ఆగడు" అని నవ్వాము. కబడ్డీలో ఆఖరి రైడుకు అతణ్ణి పంపడం మానేశాము. కొన్నాళ్ళకు ఆ మాట అతనూ నమ్మాడు. ఇంటర్లో ఎం.పి.సి. తీసుకోవాలనుకున్నవాడు ఆ ఆలోచనే వదిలేసుకున్నాడు. మేము అన్న మాటలో నిజమెంత అని ఆ రోజు ఎవరమూ లెక్క వేయలేదు. ఆ లెక్కను అమెరికావాళ్ళు తమ బేస్‌బాల్ ఆటలో ఎన్నో ఏళ్ళుగా వేస్తున్నారు. దాన్ని మీకు చెప్పడానికే ఈ వ్యాసం.

ఆట గురించి నాలుగు మాటలు

బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం. పిచర్ బంతి విసురుతాడు, బ్యాటర్ గుండ్రటి బ్యాటుతో కొడతాడు. నాలుగు బేస్‌లు చుట్టి వస్తే ఒక రన్. బంతి నేరుగా కంచె దాటితే హోమ్ రన్. ఒక మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్. పది అవకాశాల్లో మూడుసార్లు హిట్ కొడితే అతని బ్యాటింగ్ సగటు 0.300. అదే చాలా గొప్ప. అంటే గొప్ప బ్యాటర్ కూడా పదింట ఏడుసార్లు విఫలమవుతాడన్న మాట. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఒక్కో జట్టు సీజన్లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. తర్వాత అక్టోబరులో నాకౌట్ పోటీలు, చివర వరల్డ్ సిరీస్. ఇలాంటి కీలక సమయంలో జట్టును గట్టెక్కించేవాణ్ణి అక్కడ 'క్లచ్' ఆటగాడు అంటారు. మనకు క్లచ్ అంటే మోటారు సైకిలుదే గుర్తొస్తుంది గానీ, ఆ మాటకు అక్కడున్న గౌరవం చాలా పెద్దది.

వీరుల కథలు

1977 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు రెగ్గీ జాక్సన్ ముగ్గురు వేర్వేరు పిచర్ల మొదటి బంతులనే కొట్టి వరుసగా మూడు హోమ్ రన్లు చేశాడు. అతనికి 'మిస్టర్ అక్టోబర్' అనే పేరు స్థిరపడిపోయింది. కానీ అదే అక్టోబరులో, దానికి ముందు జరిగిన లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో అతను 16 అవకాశాల్లో 2 హిట్లే కొట్టాడు. ఆఖరి మ్యాచ్‌కు కోచ్ అతణ్ణి మొదటి జట్టులోంచి తప్పించి కూర్చోబెట్టాడు. ఈ సంగతి ఎంతమందికి గుర్తుంది?

బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడు డేవిడ్ ఆర్టిజ్‌ది ఇంకా చిత్రమైన కథ. 2004లో యాంకీస్ చేతిలో మూడు మ్యాచ్‌లు వరుసగా ఓడిన జట్టును, నాలుగో మ్యాచ్‌లో హోమ్ రన్‌తోనూ ఐదో మ్యాచ్‌లో హిట్‌తోనూ గెలిపించాడు. ఆ ఏడాది బోస్టన్ 1918 తర్వాత మొదటిసారి విజేత అయింది. 2013 వరల్డ్ సిరీస్‌లో అతను 16 అవకాశాల్లో 11 హిట్లు కొట్టాడు. మరి అంతకు ముందు సిరీస్‌లో? 22 అవకాశాల్లో 2 హిట్లు! అదే మనిషి, అదే నెల, అదే ఒత్తిడి.

చేతులెత్తేస్తాడని పేరు మోసినవారి కథ చూడండి. అలెక్స్ రోడ్రిగెజ్ 2006 నాకౌట్ సిరీస్‌లో 14 అవకాశాల్లో ఒక్క హిట్ కొట్టాడు. అతణ్ణి బ్యాటింగ్ వరుసలో ఎనిమిదో స్థానానికి దించేశారు. 2009 నాకౌట్ పోటీల్లో అతనే 0.365 సగటుతో 6 హోమ్ రన్లు కొట్టాడు. జట్టు ఛాంపియన్ అయింది.

ఇక 'కెప్టెన్ క్లచ్' అని పేరుపొందిన డెరెక్ జీటర్. అతని మామూలు సీజన్ల సగటు 0.310. నాకౌట్ పోటీల్లో 158 మ్యాచ్‌లు ఆడాడు. అక్కడి సగటు 0.308. అవకాశాలు పెరిగేకొద్దీ మనిషి తన అసలు స్థాయికే వచ్చి చేరాడన్న మాట.

నాణెంతో ఒక ప్రయోగం

ఇది ఎందుకు జరుగుతుంది? ఈ ప్రయోగం మీరే చేయండి. డైనింగ్ హాలులో 64 మందిని నిలబెట్టి ఒక్కొక్కరిచేత ఆరుసార్లు నాణెం ఎగరేయించండి. ఆరుసార్లూ బొమ్మే పడే అవకాశం 64లో 1. అంటే సగటున ఒకడికి ఆరుకు ఆరూ బొమ్మలే పడతాయి. అతణ్ణి మనం 'బొమ్మల వీరుడు' అని భుజాలకెత్తుకుంటాం. మళ్ళీ ఎగరేయమంటే? ఏడోసారి అతనికీ సగం సగమే అవకాశం.

బ్యాటర్‌కూ ఇదే లెక్క. అసలు సగటు 0.300 ఉన్నవాడికి 100 కీలక అవకాశాలు వచ్చాయనుకోండి. 30 హిట్లు రావాలి. 100, 0.3, 0.7 గుణిస్తే 21. దాని వర్గమూలం సుమారు 4.6. దీన్నే ప్రామాణిక విచలనం అంటారు. ఆటలో ఏ మార్పూ లేకపోయినా, కేవలం అదృష్టంవల్లే నాలుగింట మూడుసార్లు అతని హిట్లు 25 నుంచి 35 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మిగతా సార్లు ఆ హద్దు కూడా దాటవచ్చు. 35 కొట్టినవాణ్ణి వీరుడంటాం, 25 కొట్టినవాణ్ణి పిరికివాడంటాం. ఇద్దరూ ఒకటే!

పరిశోధకులు ఏమన్నారు?

1977లో డిక్ క్రేమర్ అనే పరిశోధకుడు ఒక సూటి ప్రశ్న వేశాడు. ఇది నిజంగా గుణమే అయితే, ఒక ఏడాది ఉన్నవాడికి మరుసటి ఏడాదీ ఉండాలి కదా? 1969, 1970 సీజన్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాడు. మొదటి ఏడాది కీలక సమయాల్లో మెరిసినవారే రెండో ఏడాదీ మెరిసిన దాఖలా కనిపించలేదు. అలాంటి గుణం లేదని తేల్చాడు. చాలామంది ఒప్పుకున్నారు.

కానీ 2004లో బిల్ జేమ్స్ అనే ప్రముఖ విశ్లేషకుడు, ఒకప్పుడు తానూ ఒప్పుకున్న ఆ మాటనే మళ్ళీ ప్రశ్నించాడు. పొగమంచులో కాపలా కాసేవాడికి ఎవరూ కనబడకపోతే, అక్కడ ఎవరూ లేరని చెప్పగలమా? కీలక సగటులో అదృష్టం ఊగిసలాట ఉంది, మామూలు సగటులోనూ ఉంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ఇంకా ఎక్కువ ఊగుతుంది. అందులో చిన్న గుణం దాగి ఉన్నా కనబడదు. 'కనబడలేదు' వేరు, 'లేదు' వేరు. ఈ తేడా చదువుకునే ప్రతివాడూ నేర్చుకోవలసినది.

తర్వాత టామ్ టాంగో, మిచెల్ లిక్ట్‌మన్, ఆండ్రూ డాల్ఫిన్ కలిసి ఎన్నో ఏళ్ళ ఆటల వివరాలతో లెక్క వేసి, 'ద బుక్' అనే పుస్తకంలో రాశారు. ఆ గుణం ఉంది, కానీ చాలా కొంచెం అని వారు తేల్చారు. ఎంత కొంచెమంటే, కీలక సమయంలో ఎవరిని పంపాలి అంటే మామూలుగా ఎవరు బాగా ఆడతారో వారినే పంపాలి.

మరి మన సంగతి?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పెద్ద లీగ్‌కు చేరినవారు చిన్ననాటినుంచి ఎన్నో పోటీల జల్లెడలో నిలిచినవారు. ఒత్తిడికి బాగా తట్టుకోలేనివారు మధ్యలోనే ఆగిపోయి ఉండవచ్చు. కాబట్టి వారి మధ్య తేడా తక్కువ కనిపించినంత మాత్రాన, ఒత్తిడి ఎవరినీ ఏమీ చేయదని అనకూడదు. ఒత్తిడిలో చేతులు తడబడడం గురించి 1984లోనే రాయ్ బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చూపాడు. అలవాటైన పనిని 'సరిగ్గా చేస్తున్నానా' అని మనల్ని మనమే గమనించుకోవడం మొదలుపెట్టగానే పని చెడుతుందని ఆయన వివరించాడు. మా మిత్రుడి విషయంలో మేము చేసింది అదే కదా! అతని మీద అతనికే అనుమానం పుట్టించాము.

కాబట్టి తమ్ముళ్ళారా, మూడు మాటలు గుర్తుపెట్టుకోండి.

1. ఒక్క పరీక్ష, ఒక్క రైడు, ఒక్క ఇంటర్వ్యూ చూసి ఎవరికీ పేరు పెట్టకండి. మీకు మీరు అసలే పెట్టుకోకండి.

2. అసలు రోజున ఏదో మహత్తు జరుగుతుందని ఎదురుచూడకండి. జీటర్ అక్టోబరులో ఆడింది తన మామూలు ఆటే. మీ రోజువారీ సగటును పెంచుకోండి. అసలు రోజున అక్కరకొచ్చేది అదే.

3. తడబడినవాడికి మళ్ళీ అవకాశం ఇవ్వండి. 2009లో రోడ్రిగెజ్‌ను ఆడనివ్వకుంటే అతను ఏం చేయగలడో ఎవరికీ తెలిసేది కాదు.

మా మిత్రుడు కూడా ఈ సంచిక చదువుతాడు. అప్పుడు మేము వేసిన లెక్క తప్పని, ఒక్క పేపరు చూసి అంత మాట అనకూడదని అందరి ఎదుటా ఒప్పుకుంటున్నాము. ఈసారి వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థుల కబడ్డీ పోటీ పెడితే, ఆఖరి రైడు అతనిదే.