ఫుట్‌బాల్ ఆటయందు త్రో-ఇన్ ప్రాముఖ్యము

బంతి ప్రక్కగీతను దాటి వెలుపలికి పోయినప్పుడు మన బాలురు చేయు పని యేమి? దగ్గర నున్నవాడెవడో పరుగెత్తి బంతిని గైకొనును. "ముందుకు వేయుము, ముందుకు వేయుము" అని కేకలు వినబడును. అతడు కన్నులు మూసికొన్నవానివలె దానిని దూరముగా విసరును. మరుక్షణమున బంతి ఎదుటిపక్షమువారి పాదములయొద్ద నుండును. పెనాల్టీ తప్పినచో నెలదినములు చెప్పుకొందుము గాని, చేతికి వచ్చిన బంతిని ఈ రీతిగా పదిమార్లు పోగొట్టుకొన్నను ఎవరును లెక్కింపరు.

ఒకనాటి పోటీలో ఆట ముగియుటకు కొలది నిమిషము లుండగా, మన గోలునకు సమీపమున మనకే త్రో-ఇన్ లభించినది. దానిని మనవారే తొందరపడి ఎదుటివారి కప్పగించిరి. ఆ యొక్క గోలుతో ఓడితిమి. నింద గోలుకీపరుపై పడినది. ఆ బాలుడు ఆ రాత్రి అన్నము ముట్టలేదు. నిజమునకు ఆ తప్పు అతనిది కాదు. త్రో-ఇన్‌ను ఎన్నడును అభ్యసింపని మన అందరిది. అందుచేతనే ఈ విషయమును గూర్చి కొంచెము విచారింప దలచితిమి.

మొదట నిబంధనలు తెలిసికొందము. 1863లో లండనులో ఏర్పడిన ఫుట్‌బాల్ అసోసియేషనువారి తొలి నిబంధనల ప్రకారము, వెలుపలికి పోయిన బంతిని మొదట తాకినవాడే దానిని గీతకు లంబముగా లోపలికి విసరవలసియుండెను. రెండు చేతులతో విసరవలెనను నియమము 1882లో స్థిరపడెను. త్రో-ఇన్ నుండి నేరుగా బంతి నందుకొనువానికి ఆఫ్‌సైడు లేదను నియమము 1920లో వచ్చెను.

నేటి నియమ మిది: విసరువాడు ఆటస్థలమునకు అభిముఖుడై, రెండు పాదములలో కొంత భాగమైనను గీతమీదనో, గీత వెలుపలి నేలమీదనో ఆనించి, బంతిని రెండు చేతులతో తలవెనుకనుండి తలమీదుగా విసరవలెను. ఎదుటివారు 2 మీటర్ల దూరమున నుండవలెను. త్రో-ఇన్ నుండి నేరుగా గోలు చెల్లదు. మరియొకరు తాకువరకు విసరినవాడు బంతిని తిరిగి తాకరాదు.

ఈ నియమములయందే లాభమును కలదు, కష్టమును కలదు. ఆఫ్‌సైడు లేదు గావున మనవాడొకడు ఎదుటి రక్షకులను దాటి నిలిచినను తప్పు లేదు. అయితే విసరువాడు గీత వెలుపల నున్నందున, ఆ క్షణమున స్థలములో మనవారు పదిమంది, ఎదుటివారు పదునొకండుగురు. కావున కదలక నిలుచుండి బంతికై చేతులు చాచువారివలన ప్రయోజనము లేదు. ఒకడు దూరముగా పరుగెత్తి ఎదుటివానిని వెంట తీసికొనిపోవలెను. అట్లు ఖాళీ అయిన చోటికి వేరొకడు రావలెను. బంతి విసరినవాడు వెంటనే లోపలికి వచ్చి దానిని తిరిగి అందుకొనవలెను. ఈ మూడు పనులును ఒక్కమారు జరిగిననే బంతి మనయొద్ద నిలుచును.

ఇది కేవలము మన యూహ కాదు. డెన్మార్కు దేశస్థుడగు థామస్ గ్రోనెమార్క్ త్రో-ఇన్ నేర్పుటయే వృత్తిగా పెట్టుకొన్నవాడు. 2010లో ఆయన బంతిని 51.33 మీటర్లు విసరి నాటి ప్రపంచ రికార్డును స్థాపించెను. 2018లో లివర్‌పూల్ జట్టు శిక్షకుడు యూర్గెన్ క్లోప్ ఆయనను పిలిపించెను. అంతకుముందటి ఋతువున ఆ జట్టువారు ఒత్తిడిలో వేసిన త్రో-ఇన్లలో నూటికి 45.4 మాత్రమే నిలుపుకొని, ప్రీమియర్ లీగునందలి 20 జట్లలో 18వ స్థానమున నుండిరి. ఒక్క సంవత్సరములో అది 68.4కు పెరిగి ప్రథమస్థానము లభించెను. త్రో-ఇన్ దూరముగా పోవుటయే గాక, వేగముగను తెలివిగను ఉండవలెనని ఆయన బోధ.

దూరపు త్రో-ఇన్‌కు ప్రసిద్ధుడు స్టోక్ సిటీ జట్టున ఆడిన రోరీ డెలాప్. 2008లో ఆయన విసరిన బంతి మూలతన్నువలె గోలుముందు వచ్చి పడుచుండగా గొప్ప జట్లు సయితము కలవరపడినవి. ఆయన బాల్యమున ఈటె విసరుటలో ఆరితేరినవాడు. ఒక ఆటలో నేర్చినది మరియొక ఆటకు తోడ్పడునని దీనివలన తెలియుచున్నది.

మన తెలుగునాటను ఇట్టి శ్రద్ధకు దృష్టాంతము కలదు. హైదరాబాదు వాసియగు సయ్యద్ అబ్దుల్ రహీం మొదట ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్సు కప్పును గెలిచెను. ఆయన శిక్షణలో భారతజట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానమును, 1951, 1962 సంవత్సరముల ఆసియా క్రీడలలో స్వర్ణపతకములను పొందెను. ఆటగాండ్రు తమ బలహీనమైన పాదముతోనే ఆడునట్లు ఆయన అభ్యాసము చేయించెడివాడని చెప్పుదురు. లోపమున్న చోటనే సాధన చేయవలెనను పాఠము త్రో-ఇన్‌కును వర్తించును.

తడ ప్రాంతపు బాలురకు వేరొక గురువు కూడ కలడు. పులికాట్ సరస్సున విసురువల వేయు జాలరిని చూడుడు. అతని బలము చేతులలో మాత్రమే లేదు; పాదములు నిలద్రొక్కుకొని, నడుము త్రిప్పి, చివరకు చేతులను విడుచును. వల వేయుటకు ముందు గాలిని చూచును. మన బాలుడును వెన్నును విల్లువలె వెనుకకు వంచి, ఆ బలమును భుజములకు తెచ్చి విసరవలెను. సాయంకాలమున తూర్పునుండి సముద్రపుగాలి వీచునప్పుడు గాలికెదురుగా ఎత్తుగా విసరిన బంతి నిలిచిపోవును. తగ్గించి విసరినది గమ్యము చేరును.

బాలబాలికలారా, వచ్చు పోటీయందు ఒకరు కాగితము పట్టి గీతవద్ద కూర్చుండి, మన త్రో-ఇన్లు ఎన్ని, వానిలో మనయొద్ద నిలిచినవి ఎన్ని అని లెక్కింపుడు. లెక్క తెలిసిననాడే సిగ్గును, సిగ్గువెంట శ్రద్ధయు కలుగును. పిమ్మట వారమునకు రెండుదినములు, దినమునకు పావుగంట అభ్యసింపుడు. వేగముగా పరుగెత్తలేక జట్టులో చోటు దొరకని బాలుడు గొప్పగా విసరువాడు కావచ్చును, అతనిని వెదకుడు. దీనికి ధనము అక్కరలేదు, క్రొత్త పరికరములు అక్కరలేదు. ఒక బంతియు, ఒక గీతయు, కొంచెము ఓర్పును చాలును. అప్పుడు ఏ గోలుకీపరును మన అజాగ్రత్తకై ఒంటరిగా కన్నీరు కార్చ నక్కరలేదు.