చింతగింజల దగ్గర పియాజె, వైగాట్‌స్కీ

చివ్వెంల చుట్టుపక్కల అంగన్‌వాడీలోనో, ప్రైవేటు బడిలోనో పనిచేస్తూ టెట్‌కు చదువుకుంటున్న వాళ్లకు ఈ నాలుగు మాటలు. 150 మార్కుల్లో శిశు వికాసం, పెడగాజీకే 30. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ. ఆ భయంతో రాత్రంతా దశల పేర్లు బట్టీ పట్టే బదులు, పగలు మీ ముందు కూర్చునే పిల్లల్ని చూడండి.

నాలుగేళ్ల పాప ముందు ఆరు చింతగింజలు వరుసగా పెట్టండి. ఎదురుగా మరో ఆరు. రెండూ సమానమేనంటుంది. ఒక వరుసను కొంచెం ఎడంగా జరిపి మళ్లీ అడగండి. చాలామంది పిల్లలు పొడుగు వరుసలోనే ఎక్కువున్నాయంటారు. పియాజె చెప్పిన పూర్వ ప్రచాలక దశ (రెండు నుంచి ఏడేళ్లు) ఇదే. పదిలపరచుకొనే భావన ఇంకా కుదరలేదు. పెద్దగట్టు జాతరలో మేకను చూసి కూడా ‘గొర్రె’ అనే పిల్లాడు చేస్తున్నది సాంశీకరణం. రెండింటికీ తేడా పట్టుకున్న రోజున అది అనుగుణ్యం.

పియాజె ప్రకారం వస్తువులు చేతికిచ్చి, పిల్లల్ని తొందరపెట్టకూడదు. వైగాట్‌స్కీ చూసేది వేరు: అక్క పక్కనుంటే పాప ఏం చేయగలదు? వామనగుంటల్లో అక్కతో కలిసి గింజలు పంచుతూ, తనొక్కతే చేయలేని లెక్క చేసేస్తుంది. ఒంటరిగా చేయగలిగినదానికీ, అక్క తోడుతో చేయగలిగినదానికీ మధ్య ఎడమే సామీప్య వికాస మండలం. మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా అందరూ ఒకే గదిలో కూర్చునే అంగన్‌వాడీకి నా మటుకు వైగాట్‌స్కీయే ఎక్కువ అక్కరకొస్తాడు. బ్రూనర్ చెప్పిన క్రమాన్ని గుర్తుపెట్టుకోవడం తేలిక: ముందు గింజలు, తర్వాత గింజల బొమ్మ, ఆపైన 6 అంకె.

పియాజె ప్రయోగానికి అభ్యంతరాలూ వచ్చాయి. 1970లలో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ వరుసను తాము జరపకుండా, అల్లరి ఎలుగుబంటి బొమ్మ చెదరగొట్టినట్టు చేశారు. అప్పుడు చాలా ఎక్కువమంది పిల్లలు సమానమనే చెప్పారు. పెద్దవాళ్లు కావాలని జరిపి అదే ప్రశ్న మళ్లీ అడిగితే, మొదటి జవాబు తప్పేమోనని పిల్లలు మార్చేస్తారని వారి వాదన. కాబట్టి ఒక్క ప్రశ్నతో ‘ఈ పాపకు రాదు’ అని తేల్చకండి.

పరీక్షలో మాత్రం ప్రశ్న ‘పియాజె ప్రకారం’ అని మొదలైతే, మీరు కళ్లారా చూసింది వేరైనా ఆయన చెప్పిందే గుర్తించండి. ఇంకొక చోట కూడా జాగ్రత్త: అక్క ఇచ్చే ఊతం లాంటిదాన్ని స్కాఫోల్డింగ్ అంటారు, కానీ అది వైగాట్‌స్కీ పెట్టిన పేరు కాదు. ఆయన 1934లోనే పోయారు. ఆ పేరు 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసంలోది.